34కి సంజాయిషీ ఎందుకు?

సోమవారం పొద్దున పదిన్నర. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర్లో ఒక టూవీలర్ షోరూం, పై అంతస్తులో రివ్యూ మీటింగ్. స్క్రీన్ మీద ఆరు బ్రాంచీల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా పోయిన వారం బుకింగులు, ఈ వారం బుకింగులు, ఆ పక్కన ఆకుపచ్చదో ఎర్రదో ఒక బాణం. ఎర్ర బాణం పడ్డ మేనేజరు మిగతా వాళ్లు మాట్లాడేది వినడు, తన వంతు వచ్చేలోపు ఏం చెప్పాలా అని వెతుక్కుంటూ కూర్చుంటాడు.

"40 నుంచి 34కి పడింది. పదిహేను శాతం. ఏమైందండీ?"

"వానలు సార్. సాయంత్రం పూట జనం బయటికి రాలేదు."

"మంగళగిరిలో పడలేదా వాన? వాళ్లకి పెరిగాయిగా?"

"అక్కడ ఈ వారం పెళ్లిళ్లు ఎక్కువ సార్."

షోరూమూ సంభాషణా ఊహించినవే, కానీ ఇలాంటి సోమవారం చూడని ఉద్యోగి అరుదు. షోరూం బదులు ఆస్పత్రి ఓపీ పెట్టుకోండి, ఫైనాన్స్ కంపెనీ వసూళ్లు పెట్టుకోండి, కాల్ సెంటర్, కొరియర్ ఆఫీసు, కోచింగ్ సెంటర్ వీక్లీ టెస్టు సగటు, ఏదైనా ఇదే. అంకె తగ్గితే సంజాయిషీ, పెరిగితే చప్పట్లు. పెళ్లిళ్లనే కారణం అమ్మకాలు పెరిగినప్పుడూ పనికొస్తుంది (కట్నకానుకల్లో బండి కొన్నారు), తగ్గినప్పుడూ పనికొస్తుంది (జనం పెళ్లిళ్ల ఖర్చుల్లో ఉన్నారు). రెండు వైపులా సరిపోయే కారణం కారణమే కాదని ఆ గదిలో అందరికీ లోపల తెలుసు, అయినా మినిట్స్‌లో మాత్రం అదే ఎక్కుతుంది.

ఆ బ్రాంచి పన్నెండు వారాల అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 42, 37, 45, 40, 34, 43, 47, 38, 41, 36, 44, 39. అయిదో వారం 34, మేనేజరుకి అక్షింతలు పడ్డాయి. ఆరో వారం 43 వచ్చింది, "చూశారా, గట్టిగా అడిగితేనే పని జరుగుతుంది" అనుకున్నాడు ఏరియా మేనేజరు. ఏడో వారం 47, వాట్సాప్ గ్రూపులో శభాష్, స్వీట్ బాక్సు. ఎనిమిదో వారం 38. "పొగిడితే నెత్తికెక్కుతుంది, అందుకే నేను ఎవర్నీ పొగడను" అనే పాఠం ఆయన మనసులో స్థిరపడిపోయింది. పన్నెండు వారాల్లో ఆ షోరూంలో మారిందేమీ లేదు, అదే స్టాకు, అదే సేల్స్ వాళ్లు, అదే ఫైనాన్స్ స్కీము. మారింది ఏరియా మేనేజరుకి మనుషుల మీద ఉన్న అభిప్రాయం ఒక్కటే.

ఇదే తప్పు యుద్ధ విమానాల దగ్గరా జరిగింది. ఆర్థికశాస్త్రంలో 2002 నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెబుతుండగా, అనుభవమున్న ఒక శిక్షకుడు లేచి అడ్డు చెప్పాడు. కేడెట్ బాగా నడిపినప్పుడు మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతాడు, చెత్తగా నడిపినప్పుడు తిడితే మర్నాడు మెరుగవుతాడు, కాబట్టి తిట్టడమే పనిచేస్తుందన్నాడు. ఆయన చూసింది నిజమే, తీసిన అర్థం తప్పు. మామూలుకన్నా బాగా చెడిపోయిన రోజు తర్వాత వచ్చే రోజు, తిట్టినా తిట్టకపోయినా, చాలావరకు మామూలుకి దగ్గరగానే ఉంటుంది. బాగా కుదిరిన రోజు తర్వాతా అంతే. తిట్టేది ఎప్పుడూ అడుగున ఉన్నప్పుడే కాబట్టి తిట్టు ఫలించినట్టే కనిపిస్తుంది, మెచ్చుకునేది ఎప్పుడూ శిఖరం మీదే కాబట్టి మెప్పు చెడగొట్టినట్టు కనిపిస్తుంది. మేనేజర్లు సంవత్సరాల తరబడి పోగేసుకున్న "అనుభవం"లో దీని వాటా చిన్నదేమీ కాదు.

అంకెలు ఊరికే ఎందుకు ఊగుతాయి అన్నది గుంటూరు మిర్చి యార్డులో నిలబడితే లెక్కలేమీ లేకుండానే అర్థమవుతుంది. ఒక టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పి పిడికెడు కాయలు తీసి అరచేతిలో పరిస్తే మూడు తాలు కాయలు కనిపిస్తాయి. ఇంకో పిడికెడు తీస్తే ఏడు, మరోసారి ఒకటి. టిక్కీ మారలేదు, రైతు మారలేదు, చేను మారలేదు. మూడున్న పిడికిలి చూసి మెచ్చుకుని ఏడున్న పిడికిలి చూసి రైతుని నిలదీసే వ్యాపారిని యార్డులో ఎవరూ మనిషి కింద లెక్కకట్టరు. కొనేవాడు నాలుగైదు చోట్ల నుంచి కాయలు తీసి చూస్తాడు, ఒక పిడికిలితో సరుకు తేల్చకూడదని అతనికి ఎవరూ స్టాటిస్టిక్స్ పాఠం చెప్పలేదు. వారం బుకింగులు కూడా అలాంటి పిడికిలే. బండి కొనాలనుకున్న మనిషి శనివారం రావాల్సింది సోమవారం వస్తాడు, ఒకరికి లోను రెండు రోజులు ఆలస్యమవుతుంది, ఒకాయన భార్యకి రంగు నచ్చక వెనక్కి వెళ్లిపోతాడు, ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకేసారి రెండు బండ్లు తీసుకుంటారు. ఇలాంటి చిన్నచిన్న వంద కారణాలు కలిసి ఒక వారం 36, ఒక వారం 44 చేస్తాయి. ఏ ఒక్కదాన్నీ వేలుపెట్టి చూపించలేం, చూపించి ప్రయోజనమూ లేదు.

అమెరికన్ స్టాటిస్టిషియన్ ఎడ్వర్డ్స్ డెమింగ్ దీన్నే ఒక ఆటగా ఆడించేవాడు. డబ్బాలో నాలుగు వేల పూసలు, అందులో 800 ఎర్రవి, మిగతావి తెల్లవి. యాభై గుంటలున్న పలక ఒకటి ఇస్తాడు, "కార్మికుడు" దాన్ని డబ్బాలో ముంచి యాభై పూసలు తీయాలి. తెల్లవి మంచి సరుకు, ఎర్రవి డిఫెక్టు. ఒకరికి ఆరు ఎర్రవి వస్తాయి, ఇంకొకరికి పదిహేను. డెమింగ్ ఫోర్‌మన్ వేషంలో ఆరు వచ్చినవాణ్ణి అందరి ముందూ మెచ్చుకుంటాడు, పదిహేను వచ్చినవాణ్ణి మందలిస్తాడు, మర్నాటి రౌండులో మెప్పు పొందినవాడికే పద్నాలుగు వస్తే "నిర్లక్ష్యం" అంటాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్విన వాళ్లలో చాలామంది మర్నాడు ఆఫీసుకెళ్లి సరిగ్గా అదే చేస్తారన్నదే ఆయన బాధ.

మరి నిజంగా ఏదో జరిగితే? జరుగుతుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారం విజయవాడలో ఏ షోరూం అంకె పడిపోయినా దానికి రివ్యూ అక్కర్లేదు, పేపరు చూస్తే చాలు. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. 34 అనేది పిడికిలి తేడానా, బుడమేరు లాంటిదా? కంటి అంచనాతో ఇది తేలదు, ఎందుకంటే ఎర్ర రంగు బాణం కనిపిస్తే కన్ను ముందే తీర్పు ఇచ్చేస్తుంది.

దీన్ని తేల్చే పద్ధతికి వందేళ్లు దాటాయి. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో వాల్టర్ షూహార్ట్ అనే ఉద్యోగి 1924 మే 16న తన పై అధికారికి ఒక చిన్న నోట్ రాశాడు, అందులో గీసి చూపించినదే ఇవాళ కంట్రోల్ చార్ట్ అని పిలిచేదానికి మొదటి రూపం. షూహార్ట్ మన దేశానికీ వచ్చాడు. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ పిలుపు మీద 1947-48లో వచ్చి ఇక్కడి పరిశ్రమల వాళ్లకి ఈ పద్ధతి పరిచయం చేశాడు. డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి చెప్పకముందే అన్నమాట. వాళ్లు పట్టుకున్నారు, ఇక్కడ చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ బాణాలే నడుస్తున్నాయి.

లెక్క చూస్తే భయపడాల్సిందేమీ లేదు, ఎక్సెల్‌లో అయిదు నిమిషాల పని. ముందు ఆ పన్నెండు అంకెల సగటు తీయాలి, 40.5 వస్తుంది. తర్వాత పక్కపక్క వారాల మధ్య తేడా ఎంతో రాసుకోవాలి, పెరిగిందా తగ్గిందా అన్నది వదిలేసి: 5, 8, 5, 6, 9, 4, 9, 3, 5, 8, 5. వీటి సగటు 6.1. దాన్ని 2.66తో గుణిస్తే 16.2. ఇది సగటుకి కలిపితే దాదాపు 57, తీసేస్తే దాదాపు 24. అంతే, రెండు అడ్డగీతలు. ఆ షోరూం ఇప్పుడున్న తీరులో ఉన్నంతకాలం వారం బుకింగులు 24కి, 57కి మధ్య ఎక్కడైనా పడొచ్చు. 34 ఆ గీతకి దగ్గరగా కూడా లేదు, 47 కూడా అంతే. అక్షింతలూ స్వీట్ బాక్సూ రెండూ దండగే అయ్యాయి (స్వీట్ల సంగతి వేరే, అవి ఎప్పుడూ దండగ కావు).

ఆ 2.66 ఎక్కడిది అని ఎవరో ఒకరు అడుగుతారు. పక్కపక్క తేడాల సగటు నుంచి మూడు సిగ్మాల (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే కొలతే సిగ్మా, స్టాండర్డ్ డీవియేషన్ అన్నా అదే) దూరం రాబట్టే గుణకం అది, మీటింగులో అంతకన్నా లోతుకి వెళ్లాల్సిన పనిలేదు. మొత్తం అంకెలకి ఒకేసారి స్టాండర్డ్ డీవియేషన్ కొడితే పోలేదా అని ఎక్సెల్ బాగా తెలిసిన కుర్రాళ్లు అంటారు. పోదు. మధ్యలో నిజంగా ఒక పెద్ద మార్పు వచ్చి ఉంటే ఆ మార్పే డీవియేషన్‌ని ఉబ్బించి గీతల్ని దూరం జరిపేస్తుంది, పట్టుకోవాల్సిన దొంగే గోడ ఎత్తు పెంచినట్టవుతుంది. పక్కపక్క తేడాల్లో ఆ మార్పు ఒకే ఒక్కసారి లెక్కకొస్తుంది కాబట్టి అంత చెడగొట్టలేదు. ఇక చార్టు చదవడానికి మొదట్లో రెండు గుర్తులు చాలు. అంకె గీత దాటి బయటపడితే ఒకటి, వరసగా ఎనిమిది అంకెలు సగటుకి ఒకే వైపు పడితే రెండోది. నాణెం ఎగరేస్తే వరసగా ఎనిమిదిసార్లూ బొమ్మే పడే అవకాశం 256లో ఒకటి, అంత అరుదైనది జరిగిందంటే నాణేన్ని తిప్పి చూడ్డంలో న్యాయముంది. ఈ రెండిట్లో ఏదీ లేనప్పుడు "ఈ వారం ఎందుకు" అన్న ప్రశ్నకి జవాబు లేదు. దాచడం కాదు, నిజంగానే లేదు.

జవాబు లేని ప్రశ్న వారం వారం అడిగితే ఏమవుతుందో బ్రాడీపేట హాస్టళ్ల దగ్గర మెస్సు నడిపే వంటమనిషిని అడగొచ్చు. నిన్న ఎవరో ఉప్పు తక్కువైందన్నారని ఇవాళ చారెడు ఎక్కువేశాడు, ఇవాళ ఎక్కువైందని ఇంకొకరంటే రేపు తగ్గించాడు. చెయ్యి ఎలా పడితే అలా వేసినప్పుడు సాంబారు కాస్త అటూ ఇటూ ఉండేది, ఫిర్యాదు వచ్చినప్పుడల్లా దిద్దడం మొదలెట్టాక ఒకరోజు కషాయం, ఒకరోజు చప్పిడి. దీనికి గట్టి లెక్క కూడా ఉంది. నిలకడగా నడుస్తున్న ప్రక్రియని ప్రతి తేడాకీ సరిగ్గా అంతే మేర వెనక్కి దిద్దుతూ పోతే ఊగిసలాట తగ్గకపోగా దాదాపు నలభై శాతం పెరుగుతుంది. మంచి చేద్దామనే చేశాడు, చెడింది. ఆఫీసులో ఈ దిద్దుబాట్లకి కొత్త ఇన్సెంటివ్, ఏరియా మార్పిడి, "ఈ వారం నుంచి పొద్దున ఎనిమిదికే రావాలి" లాంటి పేర్లుంటాయి.

ఇంకో పక్క మనుషులు అంకెని కాపాడ్డం నేర్చుకుంటారు. టార్గెట్ 50 పెట్టారనుకోండి. 24కి, 57కి మధ్య ఊగే షోరూం అప్పుడప్పుడు 50 దాటుతుంది, ఎక్కువసార్లు దాటదు, టార్గెట్ గోడ మీద రాసినంత మాత్రాన బైపాస్ రోడ్డులో వెళ్లేవాళ్లు లోపలికి రారు. అందుకని ఆదివారం రాత్రి బావమరిది పేరు మీద ఒకటి, తోడల్లుడి పేరు మీద ఒకటి బుక్ అవుతాయి, బుధవారానికి క్యాన్సిల్ అవుతాయి. దాన్ని మోసమని తీసిపారేయడం తేలికే, కానీ ఆ మనిషి ముందున్న దారులు చూస్తే పద్ధతి మార్చే అధికారం అతనికి లేదు, అంకె మార్చే అవకాశం మాత్రం ఉంది.

బ్రాంచీలకి ర్యాంకులు ఇవ్వడం ఇంకా ఘోరం. ఆరు బ్రాంచీలుంటే ఎవరో ఒకరు ఆరో స్థానంలో ఉండి తీరతారు, అందరూ ఒకేలా పనిచేసినా సరే. పైగా శాతాల్లో ఇస్తే చిన్న బ్రాంచి పని అయిపోయినట్టే. వారానికి నాలుగు బండ్లు అమ్మే పల్లెటూరి సబ్ డీలరుకి ఒక వారం రెండే అమ్ముడైతే యాభై శాతం పతనం, ఆ తర్వాత ఆరు అమ్మితే రెండొందల శాతం పెరుగుదల, రెండూ వార్తలు కావు. ఇలాంటి లెక్కింపు అంకెలకి మోటుగా ఒక సూత్రముంది, సగటు వర్గమూలానికి మూడు రెట్లు అటూ ఇటూ వెళ్లొచ్చు. వారానికి వంద అమ్మేచోట అది 70 నుంచి 130, నాలుగు అమ్మేచోట సున్నా నుంచి పది. అందుకే ఏ ర్యాంకుల పట్టిక చూసినా పైనా కిందా రెండు చివర్లా చిన్న బ్రాంచీలే ఉంటాయి, పెద్దవి మధ్యలో కూర్చుంటాయి. ఇది తెలియక పైనున్న చిన్న బ్రాంచిని చూసి "వాళ్ల పద్ధతి అందరూ నేర్చుకోండి" అని ట్రైనింగులు పెట్టించినవాళ్లు ఉంటారు.

ఇదంతా మేనేజరుకి చెప్పడం ఎలా అన్నదే అసలు కష్టం. సిగ్మాలతో మొదలెడితే రెండో నిమిషంలో ఫోన్ తీస్తాడు. ఆయన సొంత అంకెతో మొదలెట్టాలి. గుంటూరు నుంచి రోజూ కారులో విజయవాడ వచ్చే మనిషైతే ఎంతసేపు పడుతుందో అడగండి. "గంట, ఒక్కోసారి యాభై నిమిషాలు, ఒక్కోసారి గంటా పావు" అంటాడు. నిన్న గంటా అయిదు నిమిషాలు ఎందుకు పట్టిందంటే నవ్వేస్తాడు, "ఏముంది, ట్రాఫిక్కు" అంటాడు. కనకదుర్గ వారధి మీద లారీ అడ్డం తిరిగి రెండున్నర గంటలు పట్టిన రోజు సంగతి మాత్రం అడక్కుండానే చెబుతాడు. ఆ రెండు రోజులకీ తేడా ఆయనకి పుట్టుకతో తెలుసు, తన డ్యాష్‌బోర్డు ముందు కూర్చున్నప్పుడే మర్చిపోతాడు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఇంకా తేలిక, పొద్దున 128, సాయంత్రం 136 వచ్చిందని ఏ డాక్టరూ పూటకో మాత్ర మార్చడు. ఆ తర్వాత ఆయన సొంత బ్రాంచి అంకెలు ఆర్నెల్లవి గీత మీద పెట్టి చూపించి, గతంలో ఆయన అక్షింతలు వేసిన వారాలు ఎక్కడున్నాయో ఆయన్నే వేలుపెట్టి చూపించమనాలి, ఒంటరిగా ఉన్నప్పుడు, అందరి ముందూ కాదు.

వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: "అంటే ఊరుకోమంటారా?" న్యాయమైన కోపమే. గీతల లోపల ఉందంటే బాగుందని కాదు, ఎప్పటిలాగే ఉందని. వారానికి అరవై కావాలంటే 34 వచ్చిన వారాన్ని తవ్వితే దొరకదు, పన్నెండు వారాల్నీ కలిపి తవ్వాలి. వచ్చినవాళ్లలో ఎంతమంది లోను ఆలస్యమై వెళ్లిపోతున్నారు, టెస్ట్ రైడుకి బండి ఖాళీగా దొరుకుతోందా, జనం అడిగే రంగు స్టాకులో ఉంటోందా, పాత బండి ఎక్స్ఛేంజ్‌కి ధర చెప్పడానికి ఎన్ని రోజులు పడుతోంది. ఇవి బ్రాంచి మేనేజరు చేతిలో ఉన్నవి కావు, చాలావరకు ఆ ప్రశ్న అడుగుతున్న మనిషి చేతిలోనే ఉంటాయి. బహుశా అందుకే ఎర్ర బాణమంటే పై వాళ్లకి అంత ఇష్టం.

చార్టుకీ దాని పరిమితులున్నాయి, తెలుగు క్యాలెండర్ దగ్గర అది మరీ తెలుస్తుంది. ఆషాఢంలో, మూఢంలో బండి కొనేవాళ్లు తక్కువ, శ్రావణం రాగానే ఎగబడతారు. అది పిడికిలి తేడా కాదు, వింతా కాదు, ముందే తెలిసిన సంగతి, దాన్ని విడిగా లెక్కేసుకోవాలి. పోయిన ఏడు ఇదే నెలతో పోల్చి తప్పించుకుందామంటే పండగలు ఒకచోట ఉండవు. 2024లో విజయదశమి అక్టోబర్ 12న, 2025లో అక్టోబర్ 2న. మొదటిసారి నవరాత్రులు పూర్తిగా అక్టోబర్‌లో, రెండోసారి ఎక్కువ భాగం సెప్టెంబర్‌లో. అక్టోబర్‌ని అక్టోబర్‌తో పోల్చినవాడికి 2025లో పండగ గిరాకీలో పెద్ద ముక్కే మాయమైనట్టు కనిపిస్తుంది.

అదే 2025లో ఇంకో మెలిక పడింది. 350 సీసీ లోపు బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అమల్లోకి వచ్చింది సెప్టెంబర్ 22న, అంటే సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజునే. తగ్గింపు సంగతి సెప్టెంబర్ 3నే జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది కాబట్టి మధ్య మూడు వారాలు కొనాలనుకున్నవాళ్లు ఆగారు. మన ఊహా షోరూం చార్టులో ఆ మూడు వారాలు కింద గీతకి ఆనుకుని, తర్వాతి వారం పై గీత దాటి 70 దగ్గర కనిపిస్తే ఏదో జరిగిందనడంలో అనుమానం లేదు. ఏది జరిగిందో మాత్రం చార్టు చెప్పదు. దసరానా, ధరా, వాయిదా వేసుకున్నవాళ్లంతా ఒకేసారి రావడమా? ఆ వారం రివ్యూలో ఆరుగురు మేనేజర్లూ తమ కొత్త ఫ్లెక్సీ బోర్డుల గురించి చెప్పి ఉంటారు, అది ఎలాగూ తప్పదు.

తేల్చాలంటే ఆగాలి. దీపావళి అక్టోబర్ 20న వెళ్లిపోయింది, పండగ ఊపు దాంతో దిగాలి. నవంబర్ నుంచి వారం వారం చుక్కలు పెట్టుకుంటూ పోతే, అవి మళ్లీ పాత 40 చుట్టూ చేరితే వచ్చింది పండగ జనం, ఆగి వచ్చిన జనం. ఎనిమిది వారాలు వరసగా పాత సగటుకి పైనే నిలబడితే ధర పనిచేసింది, అప్పుడు పాత గీతల్ని సెప్టెంబర్ 21 దగ్గర ఆపేసి, పండగ వారాలు పక్కనపెట్టి, నవంబర్ నుంచి కొత్త సగటుతో కొత్త గీతలు గీసుకోవాలి. ఆ కొత్త గీతల మధ్య ఎప్పుడో ఒక సోమవారం మళ్లీ ఎర్ర బాణం పడుతుంది, ఎవరో ఒకరు వానల గురించి చెప్పడానికి గొంతు సవరించుకుంటారు.